ఒరుల పేర పడినవారు

వనపర్తికి సమీపముననున్న మా పెద్దమందడి సీమలో, పీర్ల పండుగ దినములయందు, రాత్రి ప్రొద్దుపోయిన పిదప అలావలోని నిప్పులు ఎఱ్ఱగా కణకణలాడుచుండగా, డప్పుల మ్రోతకు పాదము కలుపుచు యువకులు కఱ్ఱసాము చేయునప్పుడు, చుట్టును గుమిగూడిన జనుల కన్నులన్నియు గెలుచువానిమీదనే నిలిచియుండును. దెబ్బ తగిలినట్లు వెల్లకిల పడి, మట్టిలో రెండు పొరలు పొరలి, ఒడలు దులుపుకొని మరల లేచి కఱ్ఱనందుకొను రెండవవాని పేరు మఱునాటికి ఎవ్వరికిని జ్ఞప్తియందుండదు. బాల్యమునుండియు నా దృష్టి ఆ రెండవవానిమీదనే యుండెడిది. అట్లు పడుటలో చేయి తిరిగిన ఒకనిని, నాకంటె పదేండ్లు పెద్దవానిని, దెబ్బ తగులకుండ పడుట ఎట్లు నేర్చితివని ఒకనాడు అడిగితిని. "నేలను జూసి బిగుసుకోవద్దు తమ్మీ. బిగుసుకున్నోని బొక్కలే ఇరుగుతయి. వదులుగ పడ్డోన్ని భూమి ఏమనదు" అని అతడు చెప్పిన మాట, తరువాతి కాలమున చలనచిత్రములలోని సాహసకృత్యముల చరిత్రను చదువుకొన్నంతసేపును నా చెవిలో మ్రోగుచునే యుండెను.

మన చిత్రసీమలో ఇట్టివానికి "డూపు" అని పేరు. డూప్లికేటు అను మాట నోటినోట అరిగి రెండక్షరములకు దిగినట్లున్నది. కథానాయకుడు మేడమీదినుండి దూకునప్పుడు దూకువాడు డూపు. గుఱ్ఱము తడబడి కూలునప్పుడు దానితోడ కూలువాడు డూపు. అద్దపు కిటికీని పగులగొట్టుకొని వెలుపల పడువాడు డూపు. నాయకుని వస్త్రములు, నాయకుని తలకట్టు, నాయకుని నడక అతనికి ఒసగుదురు; ముఖమును మాత్రము అతడు కెమెరాకు చూపరాదు. వడ్రంగియు, వైద్యుడును, గాయకుడును తమ పని చక్కగా చేసినకొలది లోకులచేత గుర్తింపబడుదురు. డూపు గుర్తింపబడినచో అతని పని చెడినట్లే.

పాలమూరువారికి ఈ ధర్మము తెలియనిది కాదు. వాన కురియని ఏడు ఊరు విడిచి, మేస్త్రీల వెంట దేశములు పట్టిపోయి, నాగార్జునసాగరము మొదలు ఎన్నెన్నో ఆనకట్టలకును కాలువలకును మట్టియు రాయియు మోసినవారు మా వారే. "పాలమూరు లేబరు" అను ఒక్క మాటలో వేలకొలది మనుష్యుల పేరులు కలిసిపోయినవి. ఆనకట్టల శిలాఫలకములమీద ఇతరుల పేరులు వెలసినవి. అంతకు మున్నును ఇట్టిదే జరిగినది. వనపర్తి సంస్థానాధీశులు ఆఫ్రికా దేశీయులైన హబ్షీలతో ఒక అంగరక్షక దళమును పోషించిరి. ఆ దళము పందొమ్మిదవ శతాబ్దమున నిజాము ప్రభువునకు సంక్రమించి, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అను పేర రాజధాని చేరెను. వారు కాపురమున్న పేట నేటికిని హైదరాబాదులో ఏ.సీ. గార్డ్స్ అనబడుచున్నది, ఆ పేట మీదుగా నిత్యము పోవువారిలో వనపర్తిని తలచువారు అరుదు. ఆ రౌతుల స్వారీ వేఱొక ప్రభువు వైభవములో లీనమైనది.

గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానముల కవులను గూర్చి మనవారు విరివిగా వ్రాసిరి. ఆ సంస్థానములలోని వస్తాదులను, రౌతులను, సాము నేర్పిన గురువులను గూర్చి వ్రాసినది స్వల్పము. ప్రజల ఆటపాటలకు చరిత్రలో చోటు కల్పింపవలెనని తలచిన మహనీయుడు సురవరము ప్రతాపరెడ్డిగారు. 1949లో వెలువడిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"లో వారు రాజుల యుద్ధములకంటె జనుల వేషభాషలకును, వినోదములకును ఎక్కువ పుటలు కేటాయించిరి. 1952లో వనపర్తి ప్రజలు వారినే శాసనసభకు పంపిరి. వారు త్రొక్కిన దారియే నాకును ఆధారము.

1909వ సంవత్సరమున నిజాము రాజ్యములో నెలదాటిన వ్యవధిలోనే ఇద్దఱు శిశువులు జన్మించిరి. ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టినవాడు సయ్యద్ అబ్దుల్ రహీము. సెప్టెంబరు 28న కరీంనగరములో పుట్టినవాడు పైడి జైరాజు. మొదటివాడు ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు, ఆ విద్యాలయపు ఫుట్‌బాల్ జట్టులో ఆడినవాడు. రెండవవాడు 1887లో స్థాపితమైన నిజాం కళాశాల విద్యార్థి. ఒకడు మైదానమునకు పోయెను. ఒకడు తెరకు పోయెను. వీరిరువురి కథలను ప్రక్కప్రక్కన నుంచి చూచుట నాకు ఎంతయో ఇష్టము. ఏలయనగా, కళాశాలయందు దేహమును తీర్చుకొన్న యువకునికి ఆ దినములలో తెఱచియున్న రెండు త్రోవలు వీరిలో మూర్తీభవించినవి.

జైరాజు 1929లో బొంబాయి చేరెను. అది మూకచిత్రముల కడపటి కాలము. మాట లేదు, పాట లేదు. కథ అంతయు దేహముచేతనే చెప్పవలెను. అందువలన గుఱ్ఱపుస్వారీ, కత్తిసాము, గోడలు దూకుట మొదలగు విద్యలు తెలిసినవానికి ఆ పరిశ్రమలో మంచి గిరాకి యుండెను. శారదా ఫిల్మ్ కంపెనీ వంటి సంస్థలు, మాస్టర్ విఠల్ వంటి సాహసనాయకులు, ఈ తరహా చిత్రములతోనే పేరుగాంచిరి. బలిష్ఠమైన దేహమును, చక్కని ముఖమును గల తెలుగు యువకుడు "జగ్‌మగ్‌తీ జవానీ" అను మూకచిత్రమున చిన్న వేషముతో ప్రవేశించెను. ఆ చిత్రమునకు నాయకుడు మాధవ్ కాలే. అతనికి బదులుగా స్వారీలను, పోరాటములను జైరాజు చేసెను. అనగా, ఏకాదశ మూకచిత్రములు గాక నూటయిరువదికి పైగా టాకీలను దాటి, 1980వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును అందుకొనబోవు మనుష్యుని తొలి పని, వేఱొకని వస్త్రములు ధరించి, కెమెరాకు వీపు చూపుచు గుఱ్ఱమును దౌడు తీయించుట.

ఆ పని ఎట్టిదో ఒక్క క్షణము ఊహింతము. ఆనాటి కెమెరాను చేతితో త్రిప్పెడివారు. సెకనునకు ఇంచుమించు 16 చొప్పున బొమ్మలు పట్టుట వాడుక. త్రిప్పువాడు చేతిని కొంత మందగింపజేసినచో, తెరమీద గుఱ్ఱము వాయువేగమున పోవుచున్నట్లును, మనుష్యుడు పిడుగువలె పడుచున్నట్లును తోచును. వేగమును కెమెరా కల్పించవచ్చును గాని, పడుటను కల్పింపజాలదు. గుఱ్ఱము మీదినుండి జాఱినవాడు నిజమైన నేలమీదనే పడవలెను. నేటివలె దొంతరలు పేర్చిన అట్టపెట్టెలు గాని, గాలి నింపిన మెత్తలు గాని, నడుమునకు కట్టి క్రేనుతో లాగు ఇనుపతీగెలు గాని నాడు లేవు. గుల్లచేసిన మట్టియు, పోసిన యిసుకయు, పఱచిన పరుపును ఉన్నచో అదియే భాగ్యము. ఇంతయు చేసి, నిర్మాత "బాగున్నది" అనుట ఎప్పుడు? చూచువారికి అది మాధవ్ కాలేయే అని తోచినప్పుడు.

వేయింటికి మించి తయారైన మన మూకచిత్రములలో నేడు మిగిలినవి ముప్పదికి లోపు. ఇతరమంతయు కాలిపోయి, కరగిపోయి, నశించినది. ఆ నష్టమున అందఱికంటె ఎక్కువగా నష్టపోయినవారు డూపులే అని నా నిశ్చయము. నాయకుల ఛాయాచిత్రములు పత్రికలలో మిగిలినవి, పేరులు ప్రకటనపత్రములలో మిగిలినవి. పేరు లేనివారికి ఉన్న ఒక్క జాడ ఆ ఫిల్ముమీది వీపు. ఆ ఫిల్ము పోయినతోడనే ఆ జాడయు పోయినది.

1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ సినిమాలో "ఆలం ఆరా" విడుదలయై తెర మాటలాడ నేర్చెను. ఈ మార్పున సాహసనాయకులు పెక్కురు దెబ్బతినిరి. ఆ చిత్రమునకు నాయకుడైన మాస్టర్ విఠల్ దేహబలమున మేటి యైనను ఉర్దూ పలుకుట చేతకాక, అతనికి మాటలు మిక్కిలి తగ్గింపవలసివచ్చెను. హైదరాబాదులో పెరిగినవానికి ఈ చిక్కు లేదు. ఉర్దూ అక్కడ రాజభాష. తెలుగు ఇంట పుట్టి, ఉర్దూ రాజ్యమున చదివి, ఆంగ్లకళాశాలయందు తీరిన జైరాజునకు టాకీ శత్రువు కాలేదు. 1932లో "షికారీ"తో అతడు మాటలాడు నటుడయ్యెను. తరువాతి కాలమున "అమర్ సింగ్ రాఠోడ్" (1957), "వీర్ దుర్గాదాస్" (1960) వంటి చారిత్రక చిత్రములలో ఖడ్గమును ధరించి వీరపాత్రలను పోషించెను. ఆ వీరుల స్వారీలను చూచునప్పుడు, ఈ కత్తి పట్టు, ఈ పగ్గపు పట్టు మొదట పరుల పేర చెల్లినవని తెలిసినవానికి కన్ను చెమ్మగిల్లును.

కళాశాలలో ఫుట్‌బాల్ ఆడినవారు సాహసనటులగుట అమెరికాలో ఒక సంప్రదాయమువలె నెలకొన్నది. ఆ దేశపు ఫుట్‌బాల్ మన ఆట కాదు. బంతిని చేత పట్టుకొని పరుగెత్తుటయు, దానిని పట్టినవానిమీద పదిమంది పడి కూల్చుటయు దాని స్వభావము. అట్టి ఆటయందు ఆఱితేఱినవాడు మొట్టమొదట నేర్చునది పడుటనే గదా. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు జట్టులో ఆడుచుండిన మారియన్ మారిసన్ అను యువకుడు భుజమునకు గాయమగుటచే జట్టులో చోటు కోల్పోయి, ఫాక్స్ స్టూడియోలో సామానులు మోయు పనికి కుదిరెను. జాన్ ఫోర్డ్ దర్శకత్వమున వచ్చిన "సెల్యూట్" అను చిత్రమునకు ఆ విశ్వవిద్యాలయపు ఆటగాండ్రను పిలిపించినప్పుడు ఇతడును అందు కనిపించెను. అది 1929, మన జైరాజు బొంబాయిలో గుఱ్ఱమెక్కిన సంవత్సరమే. ఆ యువకుడే తరువాత జాన్ వేన్ అను పేర లోకప్రసిద్ధుడయ్యెను.

అయితే జాన్ వేన్‌నకు స్వారీని, పోరును నేర్పినవాడును, ప్రమాదవేళ అతనికి బదులు నిలిచినవాడును యాకిమా కానట్. రోడియో పందెములలో గెలిచి వచ్చిన ఈ రౌతు 1939లో "స్టేజ్‌కోచ్" చిత్రమున పరుగెత్తుచున్న ఆఱు గుఱ్ఱముల బండి ముందటికి దూకి, గుఱ్ఱముల నడుమ వ్రేలాడి, పట్టు వదలి నేలకు జాఱి, బండి తన మీదుగా దాటిపోవునట్లు చేసిన కృత్యము నేటికిని ఆ వృత్తివారికి పాఠము. వేన్, కానట్ ఇరువురును కలిసి కుదిర్చిన ముష్టియుద్ధపు పద్ధతి ఇంకను గొప్పది. అంతకుముందు నటులు ఒకరి భుజములమీద ఒకరు నిజముగా మోదుకొనెడివారు. వీరు కెమెరాను ఒకని వీపు వెనుక నిలిపి, పిడికిలి ముఖమునకు కొంత దూరమున దాటిపోవునట్లును, దెబ్బ తిన్నవాడు సరిగా ఆ క్షణముననే తల విసరునట్లును ఏర్పాటు చేసిరి. కొట్టినవానికంటె దెబ్బ తిన్నవాని నేర్పే ఆ పోరును నమ్మించునది. మా ఊరి అలావ ప్రక్కన వెల్లకిల పడినవాడు ఈ రహస్యమును ఏ స్టూడియోలోనూ నేర్వలేదు.

మన తెలుగు చిత్రములలో ఈ విద్యకు జానపదములు పాఠశాలలైనవి. విఠలాచార్యుల చిత్రములలో కత్తి త్రిప్పి ఊరూర అభిమానులను సంపాదించుకొన్న కాంతారావు తెలంగాణమువాడే. కోదాడ దగ్గఱి గుడిబండలో 1923లో పుట్టినవాడు. జనులు అతనిని "కత్తి కాంతారావు" అనిరి. "గురువును మించిన శిష్యుడు" (1963) వంటి చిత్రములలో అతడు మెట్లు ఎక్కుచు, దిగుచు, ఎగిరి గంతులు వేయుచు పోరాడునప్పుడు, అతని ఎదుట వరుసగా వచ్చి, వరుసగా పడి, మరల లేచి మఱియొక మూలనుండి వచ్చువారు ఉందురే, వారు "ఫైటర్లు". 1971లో "మోసగాళ్లకు మోసగాడు" కౌబాయి కథను మనకు తెచ్చినప్పుడు కత్తులు పోయి తుపాకులు వచ్చినవి. పడువారు మాత్రము మారలేదు. ఒక్క చిత్రములో ఒక్క ఫైటరు నాలుగు మాఱులు చచ్చుటను డేరా టాకీసులో మేము పిల్లలము లెక్కించుచుండెడివారము. అది మాకు ఆట. ఆ లెక్కలో అతని బొక్కలను చేర్చవలెనని నాకు నాడు తోచలేదు.

ఆ వృత్తికి మూల్యమేమి? 2016 నవంబరు 7న బెంగుళూరు సమీపమున తిప్పగొండనహళ్ళి జలాశయమున ఒక కన్నడ చిత్రమునకై నాయకునితోపాటు హెలికాప్టరునుండి నీటిలోనికి దూకిన అనిల్, ఉదయ్ అను ఇద్దఱు నటులు మునిగి మరణించిరి. నాయకుడు బ్రతికి ఒడ్డు చేరెను. ఆ దృశ్యమును దూరదర్శనములలో చూచిన దినమున నేను అన్నము ముట్టలేకపోతిని. ప్రభుత్వ గౌరవము వీరివైపు చూచుటకు మిక్కిలి ఆలస్యమైనది. జాతీయ చలనచిత్ర పురస్కారములలో పోరాటదర్శకునకు బహుమతి 2017లో మొదలయ్యెను. తొలుదొలుత అందుకొన్నవాడు "పులిమురుగన్" చిత్రమునకు పీటర్ హెయిన్. అమెరికా ఆస్కారు సంస్థ 2027 చిత్రములనుండి ఇట్టి బహుమతి నిత్తుమని 2025 ఏప్రిలులో ప్రకటించెను. నూఱేండ్లు కావచ్చిన ఉత్సవమునకు ఈ ఊహ ఇప్పటికి కలిగినది.

ఇక రహీము. ఉపాధ్యాయవృత్తియందున్న ఈ పూర్వవిద్యార్థి క్రీడాకారుడు 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడై, 1950 మొదలు 1954 వఱకు ఐదేండ్లు వరుసగా రోవర్స్ కప్పును తెచ్చెను. 1951 ఆసియా క్రీడలలో స్వర్ణము, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము, 1962లో జకార్తాలో మరల స్వర్ణము అతని శిక్షణఫలములు. బంతిని కాలియొద్ద ఉంచుకొని ఒంటరిగా మెఱయు ఆట అతనికి గిట్టదు. డ్రిబ్లింగు నిషిద్ధమైన పోటీలనే నడపి, అందిన బంతిని తోడివానికి అందించుటయే ఆట యని నేర్పెను. జకార్తాలో రక్షకుడైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడగా, అతనిని ముందువరుసకు జరిపి ఆడించెను. కట్టు కట్టిన ఆ తలతోనే అతడు ఫైనలులో గోలు చేసెను. దక్షిణ కొరియామీద భారతము 2-1తో గెలిచెను. రహీము అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సరుతో క్షీణించుచుండెను. 1963 జూన్ 11న మరణించెను.

దేశము అతనిని చిరకాలము మఱచెను. అతని కథ "మైదాన్" అను చిత్రమై 2024 ఏప్రిలులో వచ్చినప్పుడు రహీము వేషము ధరించినవాడు అజయ్ దేవగన్. ఆ నటుని తండ్రి వీరూ దేవగన్ బొంబాయి చిత్రసీమలో ఫైట్ మాస్టరు. ఎందఱో నాయకుల పేర పడి, పడుటను ఎందఱికో నేర్పినవాడు. హైదరాబాదు ఫుట్‌బాల్ గురువునకు తెరమీద ముఖమిచ్చినవాడు ఒక స్టంటుమాస్టరు కుమారుడగుట నాకు ఋణము తీరినట్లే తోచెను. 1909లో వేఱైన రెండు త్రోవలు ఆ చిత్రమున ఒకచోట కలిసినవి.

జైరాజు 2000 ఆగస్టు 11న ముంబయిలో కన్నుమూసెను. హైదరాబాదు రవీంద్రభారతిలోని చిన్న ప్రదర్శనశాలకు తెలంగాణ ప్రభుత్వము అతని పేరు పెట్టినది. నేను అచటికి పోయిన ప్రతిసారియు గోడమీది ఆ పేరును చదివి కాని లోనికి పోను.

అయినను అతనిని నేను మొదట చూచినది వనపర్తిలోని ఒక సినిమాహాలులో, "షోలే" చిత్రమున. అప్పటికి అతని పేరు నాకు తెలియదు. కర్ణాటకములోని రామనగరము బండలమధ్య తీసి 1975 ఆగస్టు 15న విడుదల చేసిన ఆ చిత్రమున రైలుమీద పోరాటమున్నది, గుఱ్ఱముల దండున్నది, టాంగాను తరుముట యున్నది. జైరాజు అందు పోలీసు ఉన్నతాధికారి. యూనిఫారము ధరించి, తిన్నగా నిలిచి, కొలది మాటలు పలుకును. దౌడు తీయు టాంగామీద హేమమాలిని కనబడగానే హాలంతయు ఈలలతో అదరిపోయెను, నేనును ఈల వేసితిని. ఆ దౌడులో ప్రమాదము వచ్చిన చోటులయందెల్ల పగ్గములు పట్టినది రేష్మా పఠాన్ అను స్టంటుమహిళ. ఆమె వీపు మాకు కనబడినది.